మెట్ట సాగు పాఠాలకు సులభ వెబ్ వేదిక ఎంపిక: విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశాలు

హైదరాబాదు పాతబస్తీలో కంచన్‌బాగ్ పేరు వినగానే క్షిపణి ప్రయోగశాలలు, మిధాని, భారత్ డైనమిక్స్ వంటి రక్షణ రంగ సంస్థలు గుర్తుకు వస్తాయి. ఆ ప్రాంతాన్ని ఆనుకొని ఉన్న సంతోష్‌నగర్‌లోనే కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (క్రీడా) నెలకొని ఉంది. 1970లో మొదలైన అఖిల భారత సమన్వయ మెట్ట వ్యవసాయ పరిశోధనా పథకం పునాదిగా, 1985లో ఈ సంస్థ ఏర్పడింది. వర్షాధార సాగుకు సంబంధించిన విజ్ఞానాన్ని దేశమంతటికీ అందించే బాధ్యత దీనిది. రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయాల సహకారంతో ఈ సంస్థ రూపొందించిన జిల్లా వ్యవసాయ ప్రత్యామ్నాయ ప్రణాళికలు ఎవరైనా చదువుకోగలిగేలా అంతర్జాలంలో లభిస్తున్నాయి.

ఈ ప్రణాళికలు శాస్త్రవేత్తల కోసం, అధికారుల కోసం ఆంగ్ల పట్టికల రూపంలో తయారైనవి. అందులోని విషయాన్ని తెలుగు పాఠాలుగా మలచి, వరుస భాగాలుగా రైతులకు, విద్యార్థులకు అందించడం విస్తరణ విభాగం పని. ఇందుకోసం ఇప్పుడు కృషి విజ్ఞాన కేంద్రాలు, వ్యవసాయ కళాశాలలు, కొన్నిచోట్ల విద్యార్థి బృందాలు కూడా సొంత వెబ్‌సైట్లను ప్రారంభించాలని భావిస్తున్నాయి. ప్రోగ్రామింగ్ తెలియనివారు సైతం గంటలో వెబ్‌సైట్ తయారుచేసుకోగల సాధనాలు అనేకం ఉన్నాయి. అయితే గంటలో తయారయ్యే వెబ్‌సైటు పది సంవత్సరాలు నిలబడగలదా, అందులోని పాఠం కావలసిన వారంలో కావలసిన రైతుకు చేరగలదా అనేవి వేరే ప్రశ్నలు. సాధనాన్ని ఈ ప్రశ్నలతో ఎంచుకోవాలి. ఆ ఎంపికకు తోడ్పడే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠానికీ ఒక ఆయుర్దాయం

వ్యవసాయ సమాచారమంతా ఒకే కాలం పాటు చెల్లుబాటయ్యేది కాదు. సాధనాన్ని ఎంచుకొనే ముందు ప్రచురించదలచిన విషయాన్ని దాని ఆయుర్దాయాన్ని బట్టి మూడు తరగతులుగా విభజించుకోవడం మంచిది.

మొదటిది స్వల్పకాలిక సమాచారం. గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద వాతావరణ ఆధారిత వ్యవసాయ సూచనలు మంగళ, శుక్రవారాల్లో వెలువడతాయి. అవి రాబోయే ఐదు రోజుల వాతావరణాన్ని ఆధారంగా చేసుకొన్నవి. ఆరవ రోజున ఆ సూచన చరిత్ర అవుతుంది. గత వారపు సూచనను ఈ వారపు సూచనగా భ్రమించి పురుగుమందు పిచికారీ చేస్తే, వాన వచ్చి మందంతా కొట్టుకుపోవచ్చు. కాబట్టి ఈ తరగతి సమాచారానికి తేదీ ప్రధానం. కొత్తది పైన కనిపించాలి, పాతది తనంతట తానే కిందికి జరగాలి.

రెండవది రుతుకాలిక సమాచారం. రుతుపవనాలు ఆలస్యమైనప్పుడు ఏ పంట వేయాలి, బెట్ట ఏర్పడినప్పుడు ఏ అంతరకృషి చేయాలి వంటివి ఇందులోకి వస్తాయి. ఇది ఏటా అదే కాలంలో మళ్లీ అవసరమవుతుంది. కాబట్టి దీనికి తేదీ కంటే రుతువు, నేల, పంట ముఖ్యం.

మూడవది దీర్ఘకాలిక సమాచారం. వాలుకు అడ్డంగా దున్నడం, నీటి కుంట తవ్వకం, ఎర్ర నేలల స్వభావం, భూసార పరీక్షకు మట్టి నమూనా తీసే విధానం వంటి పాఠాలు సంవత్సరాల తరబడి పెద్దగా మారవు. వీటికి క్రమం ముఖ్యం. మొదటి పాఠం మొదట, పదవ పాఠం పదవ స్థానంలో కనిపించాలి.

ఈ మూడింటినీ ఒకే పద్ధతిలో అమర్చితే చిక్కు వస్తుంది. బ్లాగు తరహా సాధనాలు సహజంగా చివర రాసినదానిని మొదట చూపుతాయి. వాతావరణ సూచనకు ఇది తగినది. పన్నెండు భాగాల పాఠమాలకు మాత్రం ఇది విరుద్ధం. కొత్తగా వచ్చిన చదువరికి పన్నెండవ పాఠం మొదట ఎదురవుతుంది, మొదటి పాఠం ఎక్కడో అడుగున ఉంటుంది. ఈ కారణంగా పాఠమాలకు ప్రత్యేకంగా ఒక విషయసూచిక పుట ఉండాలి. ప్రతి పాఠం చివర వెనుకటి పాఠానికి, తరువాతి పాఠానికి లంకెలు ఉండాలి. ఈ రెండూ సులభంగా చేయనివ్వని సాధనం ఎంత అందంగా ఉన్నా ధారావాహిక రచనకు పనికిరాదు.

కార్తెల వారీ అమరిక: ఒక ఉదాహరణ

జిల్లా ప్రత్యామ్నాయ ప్రణాళికల్లో వానాకాలం ఆరంభంలో వచ్చే బెట్టను నాలుగు దశలుగా చూపుతారు. రుతుపవనాలు రెండు వారాలు, నాలుగు వారాలు, ఆరు వారాలు, ఎనిమిది వారాలు ఆలస్యమైతే అన్నవి ఆ దశలు. ఒక్కొక్క దశలో నేల రకాన్ని బట్టి సాధారణంగా వేసే పంట, దానికి బదులుగా వేయదగిన పంట లేదా రకం, పాటించవలసిన యాజమాన్య పద్ధతులు పట్టికలో వరుసగా ఉంటాయి.

ఈ దశలు తెలుగు రైతుకు తెలిసిన కార్తెల లెక్కతో చక్కగా పొసగుతాయి. సంవత్సరానికి ఇరవై ఏడు కార్తెలు. ఒక్కొక్కటి సుమారు పదమూడు, పద్నాలుగు రోజులు. అంటే రెండు వారాల ఆలస్యం దాదాపు ఒక కార్తెకు సమానం. మృగశిర జూన్ 8 ప్రాంతంలో ప్రవేశిస్తుంది. అప్పటికి రావలసిన వాన రెండు వారాలు వెనుకబడితే ఆరుద్ర, నాలుగు వారాలైతే పునర్వసు, ఆరు వారాలైతే పుష్యమి, ఎనిమిది వారాలైతే ఆశ్లేష కార్తె వస్తుంది. ‘నాలుగు వారాల ఆలస్యం’ అనే శీర్షిక కంటే ‘పునర్వసు కార్తెలో తొలి వాన కురిస్తే’ అనే శీర్షిక రైతుకు వెంటనే బోధపడుతుంది. విద్యార్థికి రెండూ అవసరం కాబట్టి ఉపశీర్షికలో వారాల లెక్క కూడా ఇవ్వవచ్చు.

ఈ అమరికకు సాధనంలో కావలసిన సౌకర్యం వర్గీకరణ. ఒకే పాఠాన్ని ‘పునర్వసు’, ‘ఎర్ర నేలలు’, ‘ఆముదం’ అనే మూడు వర్గాల కింద చూపగలగాలి. బ్లాగర్‌లో లేబుళ్లు, వర్డ్‌ప్రెస్‌లో వర్గాలు, ట్యాగులు ఈ పని చేస్తాయి. పుటలు మాత్రమే ఉండే సాధనాల్లో ఇదే పనిని చేతితో లంకెలు కూర్చి చేయవలసి ఉంటుంది. పాఠాలు ఇరవై దాటితే అది భారమవుతుంది.

ప్రధాన సాధనాల తీరుతెన్నులు

బ్లాగర్ 1999లో మొదలై, 2003లో గూగుల్ అధీనంలోకి వచ్చింది. ఖర్చు లేదు, సర్వర్ నిర్వహణ బాధ లేదు. పాఠాన్ని ముందుగా రాసిపెట్టి నిర్ణీత తేదీన వెలువడేలా అమర్చవచ్చు. ఖరీఫ్‌కు ముందే పాఠమాల మొత్తం సిద్ధం చేసుకొని, కార్తెకొకటి చొప్పున విడుదల చేయదలచిన వారికి ఇది అనుకూలం. ఒక పాఠంలో గతంలో చేసిన మార్పుల చరిత్రను ఇది భద్రపరచదు. ఎవరు, ఎప్పుడు, ఏ మోతాదును మార్చారో తరువాత తెలియదు. పలువురు రచయితలు ఉన్నచోట ఇది లోపమే.

వర్డ్‌ప్రెస్ 2003లో వెలువడిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఇది రెండు విధాలుగా లభిస్తుంది. ఒకటి, సంస్థ తన సర్వర్‌పై తానే నెలకొల్పుకొనే విధానం. రెండవది, 2005 నుంచి అదే పేరుతో నడుస్తున్న సేవలో ఖాతా తెరిచే విధానం. మార్పుల చరిత్ర, వర్గాలు, ముందస్తు విడుదల, రచయితకు, సంపాదకుడికి వేర్వేరు అధికారాలు ఇందులో ఉన్నాయి. పరిశోధనా సహాయకుడు రాసిన పాఠాన్ని సంబంధిత శాస్త్రవేత్త చూసిన తరువాతనే వెలువరించే ఏర్పాటు చేసుకోవచ్చు. సొంత సర్వర్‌పై నెలకొల్పినప్పుడు మాత్రం మూల సాఫ్ట్‌వేరును, దానికి జతచేసిన ప్లగిన్లను ఎప్పటికప్పుడు నవీకరించాలి. నవీకరణ మానివేసిన ప్లగిన్ల ద్వారానే ఎక్కువగా చొరబాట్లు జరుగుతాయి. కంప్యూటర్ విభాగంలో బాధ్యుడు లేని కేంద్రం ఖాతా విధానాన్నే ఎంచుకోవడం క్షేమకరం. ఉచిత ఖాతాలో ప్రకటనలు కనిపిస్తాయని గుర్తుంచుకోవాలి. విత్తనాలు, పురుగుమందుల ప్రకటన ప్రభుత్వ సంస్థ పాఠం పక్కన కనిపిస్తే చదువరి దానిని కూడా సిఫారసుగా భావించే ప్రమాదం ఉంది.

గూగుల్ సైట్స్ అన్నింటికంటే సులభమైనది. పుటలను లాగి అమర్చడమే పని. కొద్దిమంది కలిసి రాయవచ్చు, మార్పుల చరిత్ర కూడా ఉంటుంది. కానీ తేదీల వారీగా వెలువడే రచనలకు ఇందులో ఏర్పాటు లేదు. మార్పు లేని కరదీపికకు, శిక్షణ తరగతి పాఠ్యసామగ్రికి ఇది చాలును. వారం వారం వచ్చే ధారావాహికకు తగదు.

2006లో మొదలైన విక్స్ వంటి సాధనాలు కంటికింపైన నమూనాలను అందిస్తాయి. కానీ విక్స్‌లో తయారైన వెబ్‌సైటును యథాతథంగా మరొక సర్వర్‌కు తరలించడం సాధ్యం కాదు, అది ఆ సంస్థ సర్వర్లపైనే ఉండాలి. నాలుగైదు పుటల పరిచయ వెబ్‌సైటుకు ఇది ఇబ్బంది కాదు. రెండు వందల పాఠాలు చేరిన తరువాత ఇదే పెద్ద అడ్డంకి అవుతుంది. సబ్‌స్టాక్ వంటి వేదికలు ధారావాహికలను ఈమెయిల్ ద్వారా చందాదారులకు పంపుతాయి. పరిశోధక విద్యార్థులకు ఇవి ఉపయోగపడవచ్చు. ఈమెయిల్ అలవాటు లేని రైతుకు పాఠం చేరాలంటే వాట్సాప్‌లో పంపదగిన చిన్న లంకెయే దారి.

విద్యార్థుల హాజరు, ప్రశ్నపత్రం, మార్కులు కూడా కావాలంటే వెబ్‌సైట్ సాధనం చాలదు. 2002లో వెలువడిన మూడుల్ వంటి బోధనా నిర్వహణ సాఫ్ట్‌వేరు అవసరం. అదీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. అయితే దానికి సర్వర్, నిర్వాహకుడు తప్పనిసరి.

ప్రభుత్వ సంస్థల విషయంలో మరొక మార్గం ఉంది. జాతీయ సమాచార కేంద్రం ఎస్3వాస్ పేరుతో వెబ్‌సైట్ నిర్మాణ సేవను నడుపుతున్నది. దేశంలోని అనేక జిల్లా పరిపాలనా వెబ్‌సైట్లు దానిపైనే ఉన్నాయి. భద్రత, దివ్యాంగులకు అందుబాటు, బహుభాషా సౌకర్యం అందులో ముందుగానే సమకూర్చి ఉంటాయి. అధికారిక హోదా అవసరమైన సిఫారసులకు ఇటువంటి వేదికయే తగినది. బయటి సాధనంలో వెబ్‌సైట్ తెరిచే ముందు సంస్థ అనుమతి పొందాలి.

తెలుగు లిపికి సంబంధించిన పరీక్షలు

సాధనం ఆంగ్లంలో చక్కగా పనిచేసినంత మాత్రాన తెలుగులో కూడా పనిచేస్తుందనుకోరాదు. ఈ క్రింది అంశాలను ప్రత్యేకంగా పరిశీలించాలి.

మొదటిది లిపి సంకేతం. ముద్రణ కోసం అను వంటి పాత ఫాంట్లలో కూర్చిన వ్యాసాలు అనేక కేంద్రాల్లో ఉన్నాయి. వాటిలో కంటికి తెలుగు కనిపించినా, లోపల ఉన్నది వేరే అక్షరాల సంకేతమే. అటువంటి ప్రతిని పీడీఎఫ్‌గా వెబ్‌సైట్‌లో పెడితే, ‘కంది ఎండు తెగులు’ అని రైతు వెతికినప్పుడు అది కనిపించదు. పాఠం ఉండి కూడా లేనట్లే. అందువల్ల వాటిని ముందుగా యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, పొల్లులు సరిచూసి, పుటలోనే పాఠంగా ఉంచాలి. పీడీఎఫ్‌ను ముద్రించుకొనేవారి కోసం అదనంగా ఇవ్వవచ్చు.

రెండవది పుట చిరునామా. కొన్ని సాధనాలు తెలుగు శీర్షికనే చిరునామాగా మారుస్తాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. చిరునామాలో ఒక్కొక్క బైటు మూడు గుర్తులుగా విస్తరిస్తుంది. ‘వరి’ అనే మాటలో వ, ర, గుడి అనే మూడు సంకేతాలున్నాయి. అవి చిరునామాలో 27 గుర్తులవుతాయి. పూర్తి శీర్షిక అయితే వాట్సాప్ సందేశమంతా అర్థంకాని గుర్తులతో నిండిపోతుంది. కాబట్టి చిరునామాను చిన్న రోమన్ మాటలతోనో, పాఠం సంఖ్యతోనో మనమే నిర్ణయించుకొనే వీలు ఉండాలి.

మూడవది పంక్తుల ఎడం. తెలుగులో గుడులు పైన, ఒత్తులు కింద చేరతాయి. ఆంగ్లానికి కుదిర్చిన ఎడంలో అవి ఒకదానినొకటి తాకుతాయి. పంక్తుల ఎత్తును అక్షర ప్రమాణానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా మార్చుకొనే వీలు సాధనంలో ఉండాలి.

నాలుగవది పేర్లలోని వైవిధ్యం. ఒక రైతు ‘వేరుశనగ’ అని వెతికితే మరొకరు ‘పల్లి’ అని వెతుకుతారు. ‘ప్రత్తి’ అని రాసేవారు, ‘పత్తి’ అని రాసేవారు ఉన్నారు. పాఠం మొదటి పేరాలోనే ఈ వాడుకలన్నింటినీ సహజంగా చేర్చితే వెతుకులాటలో పాఠం చేజారదు.

పాత సిఫారసు తెచ్చే ప్రమాదం

సాహిత్య ధారావాహికకు, వ్యవసాయ పాఠమాలకు ఒక ముఖ్యమైన తేడా ఉంది. పాత కథ పాతబడినా హాని చేయదు. పాత సిఫారసు చేస్తుంది. వరిలో ఉల్లికోడు వంటి పురుగులకు ఫోరేట్ గుళికలను సూచించిన పాఠాలు ఒకప్పుడు సర్వసాధారణం. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో జారీచేసిన ఉత్తర్వు ప్రకారం ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్వాస్ సహా ఆరు మందులపై 2020 డిసెంబరు 31 నుంచి నిషేధం అమలైంది. అంతకుముందే, 2011లో, సుప్రీంకోర్టు ఆదేశంతో ఎండోసల్ఫాన్ వాడకం ఆగిపోయింది. ముద్రిత పుస్తకమైతే చదువరి దాని ప్రచురణ సంవత్సరం చూసి జాగ్రత్తపడవచ్చు. వెతుకులాటలో నేరుగా తెరుచుకొన్న పుటకు అటువంటి అట్ట ఉండదు. 2014లో రాసిన పాఠం నేడు రాసినట్లే కనిపిస్తుంది.

దీనికి విరుగుడు మూడు నియమాల్లో ఉంది. ప్రతి పాఠం పైభాగంలో రాసిన తేదీతో పాటు చివరిసారి సమీక్షించిన తేదీ ఉండాలి. రసాయనాల పేర్లున్న పాఠాలన్నింటికీ ఒక ప్రత్యేక వర్గం కేటాయించాలి. ఉత్తర్వు మారిన రోజున ఆ వర్గాన్ని తెరిచి ఒక్కపూటలో అన్నింటినీ సరిచేయవచ్చు. ఉపసంహరించిన పాఠాన్ని తొలగించి ఊరుకోకుండా, అదే చిరునామాలో ‘ఈ సిఫారసు ఇప్పుడు చెల్లదు’ అన్న ప్రకటనను, కొత్త పాఠానికి లంకెను ఉంచాలి. వాట్సాప్ బృందాల్లో ఆ పాత లంకె ఇంకా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి సవరణ కూడా అక్కడికే చేరాలి. అక్షరాలను బొమ్మగా మార్చి పెట్టిన పాఠంలో ఈ సవరణ సాధ్యపడదు. ఆ బొమ్మ ఒకసారి చేతులు మారితే దానిని వెనక్కి పిలిచే మార్గం లేదు.

యాజమాన్యం, తరలింపు

1990లలో వెలసిన జియోసిటీస్ వేదికపై లక్షలాది వెబ్‌సైట్లు ఉండేవి. 2009 అక్టోబరులో యాహూ దానిని జపాన్ మినహా మిగతా ప్రాంతాల్లో మూసివేసింది. గూగుల్ కూడా తన పాత సైట్స్ విధానాన్ని కొత్తదానితో మార్చివేసింది. ఏ సాధనమూ శాశ్వతం కాదు. కాబట్టి చేరే రోజునే బయటికి వచ్చే దారిని చూసుకోవాలి. వర్డ్‌ప్రెస్, బ్లాగర్ రెండింటిలోనూ పాఠాలన్నింటినీ ఒకే ఫైలుగా దింపుకొనే సౌకర్యం ఉంది. అయితే ఆ ఫైలులో ఉండేది పాఠం, బొమ్మలకు లంకెలు మాత్రమే. తెగుళ్ల ఛాయాచిత్రాలను విడిగా భద్రపరచుకోవాలి.

సాధనం మూతపడడం కంటే తరచుగా జరిగేది మరొకటి. వెబ్‌సైట్‌ను వ్యక్తిగత ఈమెయిల్‌తో తెరిచిన శాస్త్రవేత్త బదిలీ అవుతారు లేదా పదవీ విరమణ చేస్తారు. పాఠాలు అంతర్జాలంలో ఉంటాయి గాని సరిదిద్దే హక్కు సంస్థలో ఎవరికీ ఉండదు. పైన చెప్పిన ఫోరేట్ వంటి పాఠం అప్పుడు తాళం వేసిన ఇంట్లో వెలిగించి వదిలిన పొయ్యి వంటిది. అందువల్ల ఖాతా సంస్థ ఈమెయిల్‌పై ఉండాలి. కనీసం ఇద్దరికి నిర్వాహక హక్కులు ఉండాలి. బాధ్యతల అప్పగింత పత్రంలో ప్రయోగశాల పరికరాలతో పాటు వెబ్‌సైట్ ఖాతాను కూడా చేర్చాలి.

డొమైన్ పేరు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. సొంత డొమైన్ ఉంటే సాధనం మారినా చిరునామా మారదు. దానిని గడువులోగా పునరుద్ధరించకపోతే మాత్రం ఇతరులు కొనుక్కొనే అవకాశం ఉంది. విద్యా, పరిశోధనా సంస్థలకు ఎర్నెట్ ఇండియా ద్వారా లభించే ప్రత్యేక డొమైన్లకు లోబడి ఉపచిరునామా తీసుకోవడం మేలైన పద్ధతి.

ఎంపికకు ముందు వారం రోజుల పరీక్ష

పొలంలో కొత్త రకాన్ని విస్తృతంగా వేసే ముందు చిన్న మడిలో పరీక్షించినట్లే, సాధనాన్ని కూడా పరీక్షించి చూడాలి. అందుకు రెండు సాధనాలను ఎంచుకొని, ఒకే మూడు పాఠాలను రెండింటిలోనూ పెట్టాలి. ఒకటి వాతావరణ సూచన, ఒకటి కార్తె వారీ పాఠం, ఒకటి బొమ్మలున్న దీర్ఘకాలిక పాఠం కావాలి. తరువాత ఈ క్రింది పనులు చేసి చూడాలి.

1. తక్కువ ధర ఫోనులో, గ్రామంలోని మొబైల్ సిగ్నల్‌పై పుట తెరవాలి. బొమ్మలు రాకముందే పాఠం చదవగలిగేలా ఉందో లేదో గమనించాలి.

2. కంప్యూటర్ పరిజ్ఞానం అంతగా లేని సహోద్యోగి ఒకరితో, ఎవరి సహాయం లేకుండా, ఒక మోతాదు అంకెను సరిచేయించాలి. పట్టిన సమయాన్ని నమోదు చేయాలి.

3. పాఠమాల గురించి తెలియని విద్యార్థికి మధ్య పాఠం లంకె ఇచ్చి, మొదటి పాఠానికి చేరుకోమనాలి.

4. పుటను ముద్రించాలి. రైతు వేదిక గోడపై అతికించదగినట్లుగా ఉండాలి.

5. పాఠాలను దింపుకొని, ఆ ఫైలును రెండవ సాధనంలోకి ఎక్కించే ప్రయత్నం చేయాలి. ఒత్తులు, పట్టికలు చెదరకుండా వచ్చాయో లేదో చూడాలి.

రెండవ, ఐదవ పరీక్షల్లో విఫలమైన సాధనాన్ని మిగిలినవాటిలో ఎంత బాగున్నా పక్కన పెట్టడమే మంచిది. సరిచేయలేని పాఠం ప్రమాదకరం, తరలించలేని పాఠం పరాధీనం.

ముగింపు

నిర్వహణకు మనుషులు లేని చిన్న కేంద్రానికి, కార్తె వారీ ధారావాహికకు బ్లాగర్ గాని, వర్డ్‌ప్రెస్ ఖాతా గాని సరిపోతుంది. పలువురు శాస్త్రవేత్తలు రాసి, ఒకరు సమీక్షించే పద్ధతి ఉన్నచోట వర్డ్‌ప్రెస్ మెరుగు. మార్పు లేని కరదీపికకు గూగుల్ సైట్స్, మార్కులతో కూడిన విద్యార్థి పాఠ్యక్రమానికి మూడుల్, అధికారిక సిఫారసులకు ప్రభుత్వ వేదిక తగినవి. ఒకే కేంద్రం వీటిలో రెండింటిని వేర్వేరు అవసరాలకు వాడుకోవచ్చు. అయితే ఒకే సిఫారసును రెండు చోట్ల రాయకుండా, ఒకచోట రాసి రెండవచోట లంకె ఇవ్వాలి. లేకపోతే ఒకటి సవరించినప్పుడు రెండవది పాతదిగానే మిగులుతుంది.

మెట్ట రైతుకు విత్తే అదను కొద్ది రోజులే. పునర్వసులో తొలి వాన పడిన నాటి సాయంత్రం అతడు ఫోనులో వెతికినప్పుడు, ఆ కార్తెకు, ఆ నేలకు తగిన పాఠం, ఆ సంవత్సరం సమీక్షించిన తేదీతో కనిపించాలి. ఆ పని చేయగల సాధనమే సులభమైన సాధనం.